వలకన్ను కనబడాలి: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రానికి పదవ్యాఖ్య

మూలం

ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా, ఏ పనికైనా నడుపుకోవచ్చు. దీని మూలరూపాన్ని చదివి, పనితీరు తెలుసుకొని, తమకు తగినట్టు మార్చుకోవచ్చు. ప్రతులు తీసి తోటివారికి పంచవచ్చు. మార్చిన రూపాన్నీ అలాగే పంచవచ్చు.

అవతారిక

పై నాలుగు వాక్యాల్లో మాటలు నావి, భావం రిచర్డ్ స్టాల్‌మన్‌ది. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసిన ఈ ప్రోగ్రామర్ 1983 సెప్టెంబరు 27న గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. కంప్యూటరు నడవడానికి కావలసిన సరంజామా అంతా ఎవరి అనుమతీ అడగనక్కరలేని విధంగా తయారుచేయాలన్నది దాని సంకల్పం. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పుట్టింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన, వ్యవస్థకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ ఆ సరంజామాకు జతపడింది. ఈనాడు ప్రపంచంలో సర్వర్లలో ఎక్కువ భాగం, మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ కెర్నెల్ మీదే నడుస్తున్నాయి.

ఈ సూత్రానికి నెల్లూరు తీరంలో కూర్చుని వ్యాఖ్య రాయడానికి కారణం ఉంది. మైపాడు దగ్గరో, కోడూరు దగ్గరో, జువ్వలదిన్నె దగ్గరో ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకునే మనిషిని కాసేపు చూస్తే ఈ సూత్రం సగం బోధపడుతుంది. వలలో దాపరికం లేదు. ప్రతి కన్నూ కనబడుతుంది, ప్రతి ముడీ వేలికి తగులుతుంది. తెగినచోట తానే కట్టుకుంటాడు. తనకు చేతకాకపోతే పక్కింటాయన కట్టిపెడతాడు. కన్ను పెద్దది చేయాలా, చిన్నది చేయాలా అన్నది ఏ చేపకు పోతున్నాడో దాన్నిబట్టి తానే తేల్చుకుంటాడు. అదే మనిషి జేబులోని ఫోను ఏదో ఒక పని చేయనని మొండికేస్తే మాత్రం అతని చేతులు కట్టేసినట్టే. లోపల ఏముందో చూడడానికి లేదు, చూసినవాడు బాగుచేయడానికి లేదు, బాగుచేసినవాడు పక్కవాడికి ఇవ్వడానికి లేదు. ఒకే మనిషి, రెండు పనిముట్లు. ఒకదానికి యజమాని, రెండోదానికి అతిథి. ఆ తేడా ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా పూడ్చాలి అన్నదే ఈ సూత్రం.

స్వేచ్ఛ

స్వ అంటే తన, ఇచ్ఛ అంటే కోరిక. తన ఇచ్ఛ ప్రకారం నడుచుకోగలగడం స్వేచ్ఛ. ఇంగ్లీషు వాళ్ళకు ఫ్రీ అనే ఒక్క మాటే ఉచితానికీ స్వేచ్ఛకూ పనికొస్తుంది. అందుకని స్టాల్‌మన్ తన జీవితంలో పెద్ద భాగం ఆ రెండింటికీ తేడా చెప్పడానికే ఖర్చుపెట్టవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని మన నిఘంటువే తేల్చిపెట్టింది. హైదరాబాద్ కేంద్రంగా తెలుగునాట ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ తన పేరునే స్వేచ్ఛ అని పెట్టుకుంది. భాష ఇచ్చిన ఆ వరాన్ని వాళ్ళు సరిగ్గా వాడుకున్నారు.

ధర సంగతి ఈ సూత్రంలో ఎక్కడా లేదు. స్టాల్‌మన్ స్వయంగా 1985లో తన ఈమాక్స్ ప్రోగ్రాము ఉన్న టేపును 150 డాలర్లకు అమ్మారు. కొన్నవాడికి ఆ నాలుగు హక్కులూ ఉన్నాయి కాబట్టి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఇక పైసా తీసుకోకుండా ఫోనులో దిగే వందల యాప్‌లలో ఒక్క హక్కూ ఉండదు కాబట్టి అవి స్వేచ్ఛ లేని ఉచితాలు.

ఈ ఉచితం ఎలాంటిదో మన తీరంలో వివరించి చెప్పక్కరలేదు. పడవకో, ఇంజనుకో, వలకో డబ్బు కావాలంటే చేపల వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. చాలాసార్లు వడ్డీ మాట కూడా ఎత్తడు. కానీ ఆ బాకీ తీరేదాకా వంజరమైనా, చందువైనా, కానగంతలైనా అతనికే వేయాలి, అతను చెప్పిన ధరకే వేయాలి. వడ్డీ లేని ఆ అప్పు అసలు వడ్డీని చేప ధరలోంచి లాక్కుంటుంది. ఉచిత యాప్ కూడా అంతే. డబ్బు అడగదు. మనం ఎక్కడ తిరుగుతున్నామో, ఎవరితో మాట్లాడుతున్నామో, ఏం కొనబోతున్నామో తెలుసుకొని దాన్ని అమ్ముకుంటుంది. ఉచితంగా వచ్చిన ప్రతిదాన్నీ అనుమానించమని నేను అనడం లేదు. ఉచితం అన్నచోట ఒక ప్రశ్న అడగాలి: రేపు ఇది నాకు నచ్చకపోతే నా పట్టు నేను వేరేవాడికి వేసుకోగలనా? వేసుకోగలిగితే అది స్వేచ్ఛ.

సాఫ్ట్‌వేర్

ఈ మాటకు తెలుగు వెతకనక్కరలేదు, అందరికీ తెలిసిందే. యంత్రం ఎప్పుడు ఏం చేయాలో చెప్పే ఆజ్ఞల వరుస అది. అయితే ఆజ్ఞ యంత్రానికి వేసినా, దాన్ని పాటించవలసింది చివరికి మనిషే. రేషన్ షాపులో వేలిముద్ర పడలేదంటే బియ్యం ఆగిపోతాయి. బ్యాంకు యాప్ పాత ఫోనులో తెరుచుకోనంటే డబ్బు ఆగిపోతుంది. సముద్రంలో దారి చూపే పరికరం, ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు పేరు ఎక్కించే కంప్యూటరు, కృష్ణపట్నం రేవులో సరుకు కదిలించే వ్యవస్థ, అన్నిటి వెనకా ఎవరో రాసిన ఆజ్ఞలే. ఊరి కట్టుబాటు చెరువుగట్టు మీద పదిమంది ముందు చెప్పేది కాబట్టి దాన్ని ప్రశ్నించవచ్చు. ఈ కొత్త కట్టుబాటు మూసిన పెట్టెలో ఉంటే ఎవరిని ప్రశ్నించాలి?

ఎవరైనా, ఏ పనికైనా

దీన్ని సున్నా నంబరు స్వేచ్ఛ అంటారు. 1986లో వెలువడిన తొలి నిర్వచనంలో ఇది విడిగా లేదు. నడుపుకునే హక్కు ఎలాగూ ఉంటుంది కదా అనుకున్నారు. తరువాత అది కూడా చెప్పవలసిన పరిస్థితి వచ్చింది. అప్పటికే మిగతావాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు పడిపోయాయి. అన్నిటికీ పునాది కాబట్టి దీన్ని వాటికి ముందు, సున్నా దగ్గర నిలబెట్టారు.

వస్తువు చేతిలో ఉన్నా వాడుకోవడానికి అనుమతి కావలసిన స్థితి మన పెద్దలకు తెలుసు. కళ్ళెదుట సముద్రం, ఇంట్లో కుండ, నెత్తిన ఎండ. అయినా ఉప్పు వండుకుంటే నేరమన్నది బ్రిటిష్ ప్రభుత్వం. 1930లో దేశమంతా ఆ చట్టాన్ని ధిక్కరించింది. నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఇప్పటికీ ఉంది. తన అవసరానికి తన చేత్తో చేసుకునే పనికి ఎవరి అనుమతీ ఉండకూడదన్న మాటను ఆ నేల ఎప్పుడో విన్నది. ఈ స్వేచ్ఛ ఆ మాటకు కొనసాగింపే. డబ్బిచ్చి కొన్న కంప్యూటరులో ఈ ప్రోగ్రాము ఇంటి పనికే వాడాలి, ఆఫీసు పనికి వాడకూడదు, ఒక్క యంత్రంలోనే వాడాలి అని పెట్టే షరతులను ఇది ఒప్పుకోదు.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. ఏ పనికైనా అంటే చెడ్డ పనికి కూడానా? దానికి సమాధానం: చెడ్డ పనిని ఆపవలసింది దేశపు చట్టం, సమాజపు నీతి. పనిముట్టు అమ్మినవాడు మన పనులకు న్యాయమూర్తి కాకూడదు. కొడవలి చేసిన కమ్మరి ఏ చేనులో కోయాలో చెప్పడు.

మూలరూపం

ఈ సూత్రంలో బరువైన పదం ఇదే. మనిషి చదవగలిగే భాషలో ప్రోగ్రామర్ రాసింది మూలరూపం, అంటే సోర్స్ కోడ్. దాన్ని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెలుగా మార్చి మన చేతికిస్తారు. ఆ అంకెలతో పని జరుగుతుంది కానీ, లోపల ఏముందో తెలియదు.

రొయ్యల రైతుకు ఈ తేడా ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. ఒకప్పుడు మన గుంటల్లో పెంచింది టైగర్ రొయ్య. దాని తల్లి మన సముద్రంలోనే దొరికేది. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ సాగు కుదేలైంది. 2009లో వెనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్ళీ నిలబడింది. తెగుళ్ళు లేని సీడ్ రైతును నిలబెట్టిన మాట నిజం. కానీ వెనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల్లోని కంపెనీల నుంచి విమానంలో వస్తాయి. చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాక హేచరీలకు చేరతాయి. హేచరీ సీడ్ అమ్ముతుంది, రైతు పెంచుతాడు, కౌంటుకు వచ్చాక పట్టి అమ్ముతాడు. తన గుంటలోని రొయ్యల్లోంచే వచ్చే పంటకు తల్లిని తానే ఎంచుకోవడం అతని చేతిలో లేదు. ప్రతి పంటకూ మళ్ళీ కొనాల్సిందే. పిల్ల చేతిలో ఉంటుంది, తల్లి మాత్రం ఎప్పుడూ వేరొకరి దగ్గర ఉంటుంది. మూలరూపం ఇవ్వని సాఫ్ట్‌వేర్ అచ్చంగా అలాంటిది. ఒక్క తేడా ఏమిటంటే తల్లి రొయ్యను కాపాడడానికి జీవశాస్త్రపు కారణాలు కొన్ని ఉన్నాయి, మూలరూపాన్ని దాచడానికి అలాంటి కారణం ఏదీ లేదు.

మూలం తెరిచి ఉంచడం ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ కూడా ఈ తీరంలోనే ఉంది. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మన సొంత దారిచూపు వ్యవస్థ నావిక్‌లోని తొలి ఉపగ్రహం ఎగిరింది. దాని పౌర సంకేతం ఎలా నిర్మించారో వివరించే పత్రాన్ని ఇస్రో బహిరంగంగా పెట్టింది. తెలివీ ఓపికా ఉన్న ఎవరైనా దాన్ని చదివి సంకేతం అందుకునే పరికరం తయారుచేసుకోవచ్చు. ఆకాశంలో ఉపగ్రహం ఇస్రోదే, దాని మాట అర్థం చేసుకునే హక్కు అందరిదీ. అది సాఫ్ట్‌వేర్ మూలం కాదు, సంకేతపు నియమం మాత్రమే. అయినా ప్రజల డబ్బుతో చేసిన పనికి ఉండవలసిన పద్ధతి అదే.

చదివి

మూలరూపం ఇచ్చినా మాలాంటివాళ్ళం ఏం చదువుతాం, మాకేం అర్థమవుతుంది అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు నెల్లూరు జిల్లాయే ఒకసారి చెప్పింది. 1990ల మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో చదువు నేర్చుకునే ఆడవాళ్ళకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా తాగే మగవాడి ఇంట్లో ఆడమనిషి బతుకు అందులో ఉంది. దూబగుంట అనే ఊళ్ళో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు, ఇది మన కథే కదా అన్నారు. వాళ్ళలో రోశమ్మ అనే ఆమె ముందు నిలిచింది. ఊరిలో సారా అంగడి మూతపడింది. ఆ మాట ఊరి నుంచి ఊరికి పాకి, 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ ఊళ్ళలో అందరూ చదవడం నేర్చుకోలేదు. కొందరు చదివారు, మిగిలినవాళ్ళు విన్నారు, అందరూ కలిసి కదిలారు. మూలరూపం చదివే హక్కు కూడా అలాగే పనిచేస్తుంది. పదివేలమందిలో ఒక్కరు చదవగలిగితే చాలు. ఈ యాప్ మన ఫోను నంబర్లు దొంగిలిస్తోంది అని ఆ ఒక్కరు చెప్పగలిగితే మిగతా తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది మందీ బాగుపడతారు. హక్కు అందరికీ ఉండాలి, వాడేవాళ్ళు కొందరే ఉంటారు. ఓటు వేసిన ప్రతివాడూ శాసనసభకు పోడు కదా.

మార్చుకోవచ్చు

పాతదాన్ని తీసుకుని తనకు తగినట్టు మలుచుకోవడం తెలుగువాడికి కొత్త కాదు. మన సాహిత్యంలో తలమానికమైన గ్రంథమే అలా పుట్టింది. సంస్కృత భారతాన్ని 11వ శతాబ్దంలో నన్నయ తెలుగులోకి తెచ్చి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయారు. రెండు శతాబ్దాల తరువాత, మనుమసిద్ధి ఏలుబడిలో, ఈ నెల్లూరులో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. నన్నయ శైలిని కాపీ చేయలేదు. మాటలాడే తెలుగు రుచి ఎక్కించి, సంభాషణలో నాటకం నింపి, తన చేతి గుర్తు వేశారు. నడుమ మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో గుడ్లూరు ఎఱ్ఱన పూరించారు. పూరించి, ఆ భాగాన్ని నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రునికే అంకితంగా ఉంచారు. ముగ్గురు కవులు, మూడు శతాబ్దాలు, ఒక గ్రంథం. ముందువాడి పని అందుబాటులో ఉంది కాబట్టి తరువాతివాడు దాని మీద కట్టగలిగాడు, ముందువాడి పేరును చెరపలేదు. సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ మర్యాదకు లైసెన్సు రూపం ఇచ్చారు: మార్చవచ్చు, కానీ మార్చానని చెప్పాలి, ముందువాడి పేరు తీసేయకూడదు.

మన కాలంలో, మన లిపి విషయంలోనే ఈ కథ మరోసారి జరిగింది. 2000ల మొదట్లో ఇంటర్నెట్‌లో తెలుగు పత్రికలు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో వచ్చేవి. ఆ ఫాంటు మన యంత్రంలో లేకపోతే తెర మీద చీమలు పాకినట్టు పిచ్చిగీతలే. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో తొలి అడుగు వేసిన వెన్న నాగార్జున, ఆ గీతలను యూనికోడ్ తెలుగుగా మార్చే పద్మ అనే ప్రోగ్రాము రాసి స్వేచ్ఛా లైసెన్సుతో వదిలారు. దాని మూలరూపాన్ని ఆధారం చేసుకుని వీవెన్ 2006లో లేఖిని తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ తెలుగు రాసుకునే ఆ సాధనంతో ఎందరు తొలిసారి తమ భాషలో తెర మీద నాలుగు వాక్యాలు రాసుకున్నారో. పద్మ చేసింది ఒక పని, లేఖిని చేసింది ఇంకో పని. మొదటిదాని తలుపు మూసి ఉంటే రెండోది మళ్ళీ మొదటి ఇటుక నుంచి కట్టుకోవలసి వచ్చేది. అలాగే తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అని పేర్లు పెట్టి చేసిన ఫాంట్లు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చి, లినక్స్ వాడే తెలుగువాళ్ళ కంప్యూటర్లలో తెలుగు కనబడేలా చేశాయి. కవుల పేర్లు పెట్టుకున్నందుకు ఆ ఫాంట్లు తగిన పనే చేశాయి.

పంచవచ్చు

పంచుకోవడం నేరమా? స్టాల్‌మన్‌ను కదిలించిన ప్రశ్న ఇదే. పక్కింటివాడు అడిగినదాన్ని ఇవ్వకూడదని సంతకం పెట్టించుకునే ఏ ఒప్పందమైనా మనిషిని తోటివాడికి దూరం చేస్తుందని ఆయన వాదన. మన పల్లెల్లో నిప్పు అడిగితే లేదనడం తప్పు, మజ్జిగ అడిగితే లేదనడం తప్పు. ఇస్తే తరగని దాన్ని లేదనడం మరీ తప్పు. సాఫ్ట్‌వేర్ ఇస్తే తరగదు. దీపం నుంచి దీపం వెలిగించుకున్నట్టే. అలాంటి వస్తువును బలవంతంగా కొరతలో పెట్టడానికి తాళాలు, సీరియల్ నంబర్లు, చట్టాలు కావాలి.

తాళం సంగతి నాకు అనుభవం. చాలా ఏళ్ళ కిందట మా ఊరి గుడి చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం టైపు చేయించాం. ఆ డీటీపీ షాపులో ఫాంటు పనిచేయాలంటే కంప్యూటరుకు చిన్న తాళం లాంటి డాంగిల్ గుచ్చాలి. షాపు మూతపడింది, డాంగిల్ ఏమైందో తెలియదు. ఫైలు మాత్రం మా దగ్గరే ఉంది. రెండో ముద్రణకు తెరిస్తే ఒక్క అక్షరం చదవలేకపోయాం. ముసలాళ్ళు చెప్పగా రాసుకున్న సంగతులు, వాళ్ళు పోయాక, మా చేతుల్లోనే ఉండి మాకు అందకుండా పోయాయి. అచ్చయిన పాత ప్రతి ఒకటి దొరికింది కాబట్టి మొత్తం మళ్ళీ టైపు చేసుకున్నాం. దొరకకపోతే? ఒక జాతి జ్ఞాపకం ఒక కంపెనీ తాళంచెవికి వేలాడకూడదని ఆ రోజు నాకు అర్థమైంది.

పంచుకుంటే ఏమవుతుందో తెలుగు వికీపీడియా చూపించింది. ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరి అనుమతీ లేకుండా, అది లక్షకు పైగా వ్యాసాలకు పెరిగింది. నెల్లూరు తీరంలోని చిన్న ఊళ్ళకు కూడా అందులో పుటలున్నాయి. ఆ పుటల్ని ఎవరైనా తీసుకోవచ్చు, సరిదిద్దవచ్చు, బడిలో అచ్చేసి పంచవచ్చు. ఈమధ్య స్వేచ్ఛ సంస్థతో కలిసి ఇంజనీరింగ్ విద్యార్థులు పాత తెలుగు కథల పుటల్ని కంప్యూటరుకు ఎక్కించి, తెలుగులో కథ చెప్పే కృత్రిమ మేధకు ముడిసరుకు చేశారు. రేపటి యంత్రాలకు మన భాష నేర్పే పనిని మనం పంచుకుని చేయకపోతే, ఎవరో చేసి మనకే అద్దెకిస్తారు.

అలాగే

చిన్న అవ్యయం. కానీ ఈ ఉద్యమం అంతా దీని మీదే నిలబడింది. నాకు అందిన స్వేచ్ఛను నా తరువాతివాడికి అలాగే, అంటే అదే షరతుతో అందించాలి. దీన్ని కాపీలెఫ్ట్ అంటారు. 1989లో తొలిసారి వచ్చిన జీపీఎల్ లైసెన్సు దీన్ని న్యాయభాషలో రాసింది. కాపీరైటు చట్టం పంచకుండా ఆపడానికి పుట్టింది. ఆ చట్టాన్నే ఆధారం చేసుకుని, పంచకుండా ఆపకూడదు అని జీపీఎల్ షరతు పెట్టింది. ఉమ్మడి సొత్తు ఉమ్మడిగానే ఉండాలంటే దానికీ ఒక కట్టుబాటు కావాలి.

పులికాట్ సరస్సు తమిళనాడు వైపు పాడు అనే పాత పద్ధతి ఉంది. వలలు కట్టే మంచి చోట్లు ఏ ఒక్కరి సొంతమూ కాకుండా, వంతులవారీగా, చీటీ వేసుకుని పంచుకుంటారు. నీళ్ళు అందరివీ కాబట్టే ఎవడికివాడు ఆక్రమించకుండా నియమం పెట్టుకున్నారు. కాపీలెఫ్ట్‌లో ఆలోచన అదే, కానీ ఒక పెద్ద తేడా ఉంది. సరస్సులో రొయ్య తరుగుతుంది, అందుకని పాడు పద్ధతి కొందరిని లోపలికి రానిస్తుంది, కొందరిని రానివ్వదు. ఏ కులంవాడు, ఏ ఊరివాడు అన్న గీత అక్కడ పడుతుంది. సాఫ్ట్‌వేర్ తరగదు కాబట్టి గీత గీయనక్కరలేదు. అందరూ రావచ్చు. గట్టు వేసి తనదే అనేవాడు మాత్రం రాకూడదు.

గట్టు వేసేవాళ్ళు కొత్త దారులు కనిపెడుతూనే ఉన్నారు. మూలరూపం ఇచ్చి, దాన్ని మార్చి పెడితే మాత్రం నడవనివ్వని పరికరాలు వచ్చాయి. దానికి విరుగుడుగా 2007లో జీపీఎల్ మూడో రూపం వచ్చింది. ప్రోగ్రామును మన యంత్రంలోకే రానివ్వకుండా తమ సర్వర్లలో ఉంచి, ఇంటర్నెట్ మీద సేవగా అద్దెకిచ్చే పద్ధతి వచ్చింది. దానికి విరుగుడుగా అదే ఏడాది గ్నూ ఏజీపీఎల్ అనే మరో లైసెన్సు వచ్చింది. 1998లో పుట్టిన ఓపెన్ సోర్స్ అనే పేరు కంపెనీలకు నచ్చింది. మూలం తెరిచి ఉంటే పని బాగా జరుగుతుందన్నది దాని వాదం. అది నిజమే. కానీ పని బాగా జరగడం కోసమే తలుపు తెరిచినవాడు, పని వేరే విధంగా బాగా జరిగితే తలుపు మూసేస్తాడు. స్వేచ్ఛ పేరుతో తెరిచిన తలుపును మూయడానికి కారణం దొరకదు.

అధ్యాహారం: శ్రమ

మూలంలో లేకపోయినా అర్థం పూర్తికావడానికి వ్యాఖ్యాత తెచ్చి పెట్టే పదాన్ని అధ్యాహారం అంటారు. ఈ సూత్రానికి నేను చేర్చవలసిన పదం శ్రమ. వల అందరిదీ అయితే దాన్ని బాగుచేసేది ఎవరు? ఈ ప్రశ్న నుంచి తప్పించుకుంటే వ్యాఖ్య నిజాయితీ కోల్పోతుంది.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకుల నుంచి ఈమెయిలు దాకా సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఉంది ఆ లోపం. లెక్క చూస్తే, కోట్లకు కోట్లు సంపాదించే కంపెనీలన్నీ వాడుకునే ఆ సాధనానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు. చూసుకునేది గుప్పెడు మంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఇంకో సాధనంలో ఎవరో దొంగదారి పెట్టారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా దాన్ని మోసిన మనిషి అలసట చూసి, సాయం పేరుతో నమ్మకం సంపాదించి చేసిన పని అది. యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించి, తవ్వి, దాన్ని పట్టుకున్నారు. మూలరూపం తెరిచి ఉంది కాబట్టే ఆయన తవ్వగలిగారు. తెరిచి ఉన్నా మోసేవాళ్ళు తక్కువైతే ఏమవుతుందో కూడా ఆ సంఘటనే చెప్పింది.

స్వేచ్ఛ దానంతట అది నిలవదు, చేతులు కావాలి. కేరళ ప్రభుత్వం 2000ల దశాబ్దంలోనే బడుల కంప్యూటరు చదువును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. టీచర్లకు శిక్షణ ఇచ్చింది, తన సొంత లినక్స్ పంపిణీని తయారుచేసుకుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో సాఫ్ట్‌వేర్ కొనుగోళ్ళలో మూలం తెరిచి ఉన్నవాటికి ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది. విధానం కాగితం మీద ఉంది, చేతులు ఇంకా చాలలేదు. నెల్లూరు, కావలి, గూడూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఏటా ఎన్నో వందల మంది పిల్లలు బయటికి వస్తున్నారు. వాళ్ళ చివరి ఏడాది ప్రాజెక్టులు అలమారాల్లో దుమ్ము పట్టిపోతున్నాయి. వాటిలో ఒక్కటి మర పడవవాడికి తెలుగులో చదివి వినిపించే వాతావరణ సూచనగానో, గుంటలో ఆక్సిజన్ లెక్క చెప్పే చౌక పరికరంగానో, మూలరూపంతో సహా బయటికి వస్తే, మరుసటి ఏడాది పిల్లలు దాన్ని అక్కడి నుంచే ముందుకు తీసుకుపోవచ్చు. ఒక్కొక్కరు మొదటి ముడి నుంచి వల అల్లడం మానేసి, ఉన్న వలకు కన్నులు కలపవచ్చు.

తాత్పర్యం

పదాలన్నిటినీ కలిపితే వచ్చే అర్థం ఇది. వాడే చేతికే బాగుచేసే హక్కు ఉండాలి. బాగుచేసిన చేతికే పంచే హక్కు ఉండాలి. పుచ్చుకున్నవాడు ఆ రెండు హక్కుల్నీ తరువాతివాడికి అందించాలి. ఇందులో కంప్యూటరు అన్న మాట లేకుండానే భావం నిలుస్తుంది. ఎందుకంటే ఇది కంప్యూటరుతో మొదలైన భావం కాదు. సాయంత్రం మైపాడు ఇసుకలో ఒక తండ్రి కొడుక్కి వల కట్టడం నేర్పుతుంటాడు. కొడుకు తప్పు ముడి వేస్తే విప్పి మళ్ళీ వేయిస్తాడు. ఆ కొడుకు రేపు కన్ను ఇంకాస్త పెద్దది చేసి, చిన్న చేపలను వదిలేద్దాం అంటే వినే తండ్రులూ ఉంటారు. వల కనబడుతుంది కాబట్టి ఆ మాట అనగలిగాడు.

ఆ పిల్లవాడి జేబులో ఫోను కూడా ఉంది. దాని కన్నులు కూడా అతనికి కనబడాలి.